కదలని ట్యాంకరు తెచ్చిన నీళ్ళు

వేపగుంట్ల పురపాలక సంఘంలో నీళ్ళ ట్యాంకరు నడిపే షేక్ కాలేషా, ఆ వేసవిలో రోజూ పొద్దున్నే కొండవాలు మీదున్న పుల్లరిపేటకు నీళ్ళు తీసుకెళ్ళాడు. పుల్లరిపేట వాళ్ళు ఆ నీళ్ళు పట్టుకున్నారు, తాగారు, వండుకున్నారు, వాటికోసం ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకున్నారు. ఇదేదీ జరగలేదని మున్సిపల్ ఆఫీసులో తేలింది.

అలా తేల్చింది కమిషనరు త్రివిక్రమరావు గారి గదిలో గోడకు బిగించిన పెద్ద తెర. ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్ళి, మనిషి అబద్ధం చెబుతాడు గానీ యంత్రం చెప్పదనే నమ్మకంతో తిరిగొచ్చారు. రాగానే పురపాలక సంఘం బండ్లన్నిటికీ తలా ఒక నల్లటి డబ్బా బిగింపించారు. బండి ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే ఏర్పాటు కూడా అందులో ఉందన్నారు గానీ, దానికి పైనుంచి అనుమతి రావాల్సి ఉంది. అందాకా పని ఆగకూడదని సాంకేతిక సలహాదారు పరాంకుశం గారు ఒక ఉపాయం చెప్పారు. ఈయన అంతకుముందు చేపల చెరువులకు సలహాలిచ్చేవారు. ఆయన చెప్పినట్టే డబ్బాను ప్రతి బండిలోనూ బ్రేకు లైటు తీగకు కలిపారు. బ్రేకు లైటు వెలిగితే బండి ఆగినట్టు, తెరమీద ఎర్రచుక్క. వెలగకపోతే బండి కదులుతున్నట్టు, పచ్చచుక్క.

ఈ లెక్కన ఊళ్ళో బండ్లన్నీ రాత్రింబవళ్ళు తిరుగుతున్నాయి. మొదటి నెలలో అన్నిటికంటే బాగా తిరిగింది దోమల మందు కొట్టే బండి. దానికి చక్రాలు లేవు. ఎప్పటినుంచో షెడ్డు వెనక ఇటుకల మీద కూర్చుని ఉంది. ఆ సంగతి కమిషనరు గారికి చెప్పడానికి ఎవరూ తొందరపడలేదు. ఆఫీసు పుట్టిన తర్వాత గోడంతా పచ్చగా కనబడటం అదే మొదటిసారి. పచ్చగా ఉన్నదాన్ని చూసి కళ్ళలో నిప్పులు పోసుకోకూడదని అందరూ అనుకున్నారు.

ఆ పచ్చదనం మధ్యలో ఒకే ఒక్క ఎర్రచుక్క. అది కాలేషా ట్యాంకరు.

కమిషనరు గారు అసిస్టెంటు ఇంజినీరు దమయంతిని పిలిపించారు. బండ్ల బాగోగులు చూసేది ఆమే.

"ఏఈ గారూ, సదరు నీటి వాహనం మాసారంభం నుండి నిశ్చల స్థితిలో ఉన్నట్లు గమనించడమైనది."

"అది తిరుగుతూనే ఉంది సార్. అదుగో, ఇప్పుడే గేటు దాటుతోంది. మీ కిటికీలోంచి చూసినా కనబడుతుంది."

కమిషనరు గారు కిటికీ వైపు చూడలేదు. "కిటికీలు చూసి పరిపాలన చేసే రోజులు పోయాయమ్మా. తెర చూడండి."

దమయంతి తెర చూసి, తర్వాత ట్యాంకరు చూడటానికి కిందికి దిగింది. ట్యాంకరు తిరిగొచ్చాక కాలేషా తన బాధ చెప్పాడు.

"ఎనక లైటు ఆరట్లేదు మేడమ్. ఎనకమాల వచ్చేవోళ్ళు హారన్లు కొట్టి తిడతన్నారు, బ్రేకు మీంచి కాలు తియ్యరా అని. నేను కాలు తీసే నడుపుతున్నా. నిజంగా బ్రేకేస్తే ఎవుడూ నమ్మట్లా. నిన్న ఒక ఆటో వచ్చి గుద్దింది గూడా."

దమయంతి సీటు కిందికి వంగి బ్రేకు పెడల్ మీదుగా చెయ్యి పోనిచ్చింది. పెడల్ కాడ పైన బొటనవేలంత స్విచ్చి ఒకటి ఉంటుంది. కాలు పెడితే లైటు వెలిగించడం, తీస్తే ఆర్పడం, దాని బతుకంతా అంతే. ఆమె పెడల్‌ను పైకి లాగి పట్టుకుంది. లైటు ఆరలేదు. నొక్కితే లైటు ఆర్పే స్విచ్చి మొనను వేలితో లోపలికి నొక్కింది. ఆరలేదు. మీటరు ముళ్ళు తీగలకు ఆనించి చూస్తే, మొన లోపలికి పోయినా కరెంటు ఆగకుండా పారుతోంది. డబ్బాకు కలిపిన తీగ ముట్టుకుంటే చురుక్కుమంది.

"ఈ డబ్బా స్విచ్చి మోయలేనంత కరెంటు లాగుతోంది. లోపల రేకులు మాడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొత్త స్విచ్చి వేస్తే సరిపోతుంది. బస్టాండు దగ్గర దొరుకుతుంది."

"ఎంతసేపు పట్టుద్ది మేడమ్?"

"టీ తాగేలోపు అయిపోతుంది."

కాలేషా టీ చెప్పడానికి కదలబోయాడు. "ఆగండి, ముందు అనుమతి కావాలి," అంది దమయంతి. స్విచ్చికీ డబ్బాకీ కలిపి ఒక సీలు వేసి ఉంది. దాన్ని తెంచినవారు కఠిన చర్యలకు పాత్రులగుదురని దానిమీదే రాసి ఉంది.

ఆ అనుమతి కోసం కమిషనరు గారి గదిలో సమావేశం జరిగింది. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని దమయంతి చెప్పిందంతా విన్నారు.

"అరుగుదల అనేది చలనం యొక్క ఫలితం," అన్నారాయన. "ఈ వాహనమందు చలనం లేదు. కావున అరుగుదల లేదు. కావున స్విచ్చి చెడిపోవుటకు శాస్త్రీయమైన అవకాశమే లేదు. స్విచ్చి చెడనప్పుడు అది చెప్పేది నిజం. అనగా, బండి ఆగియున్నది."

"స్విచ్చి చెడిపోయిందని నేను కళ్ళారా చూశాను సార్."

"చూడటం అనేది వ్యక్తిగతం," అన్నారు పరాంకుశం గారు, నొప్పించకుండా.

కమిషనరు గారికి ఈ తర్కం నచ్చింది. అంతేకాదు, నిబంధన కూడా ఇటే ఉంది. నెలలో తిరిగినట్టు తెరమీద కనబడిన బండికే విడిభాగాలు కొనాలి.

అయినా ఆయన అన్యాయంగా పోయే మనిషి కాదు. పేట తరఫున ఎవరినైనా పిలిచి విచారించమన్నారు. పేట మొదట్లో ఇడ్లీ కొట్టు పెట్టుకున్న గురవమ్మ వచ్చింది. పేటలో ఎవరికి ఏం కావాలన్నా ముందు నోరు చేసుకునేది ఆమే.

"అమ్మా, ఈ నెలంతా మీ పేటకు నీరు అందలేదు. అందుకు మేము మిక్కిలి చింతిస్తున్నాము," అన్నారు కమిషనరు గారు.

"అందినయ్ గదయ్యా. పొద్దున గూడా పట్టుకున్నా."

"అందలేదమ్మా."

"మరి ఇడ్లీ పిండి దేంతో రుబ్బాను? ఉమ్మేసా?"

పరాంకుశం గారు కమిషనరు గారి చెవి దగ్గరకు వంగారు. దాహం ముదిరినవారికి నీళ్ళు తాగినట్టు భ్రమ కలగడం లోకంలో ఉన్నదేనన్నారు. వెంటనే గురవమ్మకు కరువు సహాయం కింద నీళ్ళ సీసాల పెట్టె ఒకటి ఇచ్చి ఫోటో తీశారు. దప్పికగా ముఖం పెట్టమన్నారు. ఆమెకు దప్పిక లేదు, ఒళ్ళుమంట ఉంది. ఫోటోలో రెండూ ఒకేలా పడతాయని ఫోటోగ్రాఫరు సర్దుకున్నాడు.

ఇక మిగిలింది డీజిలు. ఆగి ఉన్న బండికి నెలంతా డీజిలు పోశారని తేలింది. అది ఎక్కడికి పోయిందో చెప్పమని కాలేషాను అడిగారు. "బండిలోకి పోయింది సార్. బండి పుల్లరిపేటకి పోయింది," అన్నాడు కాలేషా. ఈ సమాధానం అసంబద్ధంగా ఉందని రాసుకుని డీజిలు ఆపేశారు. నడవని బండికి డ్రైవరుండటం బాగుండదని, అతన్ని 'నిశ్చల వాహన సంరక్షకుడు' అన్నారు. ముప్పయ్యేళ్ళు స్టీరింగు పట్టిన కాలేషా ఆ రోజునుంచి ట్యాంకరు పక్కన స్టూలు వేసుకుని, దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో భార్య, "ఉద్యోగం పోయిందా?" అని అడిగితే, "పోలేదు, ఆగింది," అన్నాడు.

ఇప్పుడు పుల్లరిపేటకు నిజంగానే నీళ్ళు లేవు. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పాత కంకర క్వారీ గుంటకు నడిచారు. ఆ గుంటలో వానాకాలం నాటి నీళ్ళు పచ్చగా నిలవ ఉన్నాయి. గేదెలు దిగని చోట ముంచుకుని, గుడ్డతో వడకట్టుకుని తెచ్చుకున్నారు.

షెడ్డు ముందు ట్యాంకరు మాత్రం వెనక ఎర్రలైటు వెలిగించుకుని నిలబడే ఉంది. ఇంజను నడవదు, లైటు ఆరదు. అలా వెలిగీ వెలిగీ చివరికి బ్యాటరీ చచ్చిపోయింది. లైటు ఆరిపోయింది.

మరుక్షణం కమిషనరు గారి తెరమీద ఎర్రచుక్క పచ్చగా మారింది.

ఆయన కుర్చీలోంచి లేచారు. "కదిలింది! ఏఈ గారూ, బండి కదిలింది!"

ట్యాంకరు ఆ రోజంతా ఆగలేదు. ఆ వారమంతా ఆగలేదు. ఒక్క ఎర్రచుక్క పడకుండా అహోరాత్రాలు పుల్లరిపేటకు నీళ్ళు తోలింది. క్రమశిక్షణ చర్యలు ఫలించాయని పైకి నివేదిక వెళ్ళింది. కాలేషాను మళ్ళీ డ్రైవరును చేసి, ఆఫీసు హాల్లో శాలువా కప్పారు.

"సార్, నేను బండెక్కి వారం దాటింది," అన్నాడు కాలేషా, శాలువాలో చెమటలు కక్కుతూ.

"చూశారా ఆ వినయం!" అన్నారు కమిషనరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

దమయంతి చప్పట్లు కొట్టకుండా లేచి నిలబడింది. "సార్, బ్యాటరీ మారిస్తే బండి నిజంగా వెళ్తుంది. పేటలో జనం గుంట నీళ్ళు తాగుతున్నారు."

"విరామమెరుగక పనిచేస్తున్న వాహనాన్ని నిలిపి మరమ్మతు చేయుట అత్యవసర సేవలకు అంతరాయం," అన్నారు పరాంకుశం గారు.

"ఔను," అన్నారు కమిషనరు గారు. "బండి చక్కగా తిరుగుతోంది. దాన్ని ఎవరూ కదిలించడానికి వీల్లేదు."

ఆగిన బండి అరగదు గనక బాగుచెయ్యక్కర్లేదు. తిరిగే బండిని ఆపకూడదు గనక బాగుచెయ్యడానికి లేదు. ఈ రెంటికీ మధ్య బాగుచేయించుకోగలిగిన బండి ఎలా ఉంటుందో దమయంతికి ఎంత ఆలోచించినా తోచలేదు.

ఇంతలో పుల్లరిపేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ప్రభుత్వాసుపత్రిలో మంచాలు చాలక నేలమీద పక్కలు వేశారు. కబురు తెలిసి దమయంతి వెళ్ళేసరికి వరండాలో గురవమ్మ తన మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకు సెలైను ఎక్కుతోంది. పెదాలు ఎండి చిట్లి ఉన్నాయి. సీసాను తగిలించడానికి మేకు లేక, గురవమ్మ ఒక చేత్తో దాన్ని పైకెత్తి పట్టుకుని ఉంది.

దమయంతి ఆ సీసా తను అందుకుంది. గురవమ్మ చెయ్యి దించుకుని, కాసేపు భుజం రుద్దుకుంది. ఈసారి నోరు చేసుకోకుండా, మెల్లగా అడిగింది.

"మేడమ్మా, మీ తెరమీద మేం ఎట్టున్నామమ్మా?"

"పచ్చగా ఉన్నారు గురవమ్మా," అంది దమయంతి. ఆ మాట అన్నాక ఆ పిల్ల ముఖం వైపు చూడలేకపోయింది.

ఆ మధ్యాహ్నమే అనారోగ్యానికి కారణం తేల్చడానికి సమావేశం పెట్టారు. పుల్లరిపేటకు తెర ప్రకారం ఊళ్ళో ఎవరికీ అందనన్ని నీళ్ళు అందాయి. పరాంకుశం గారు ముఖం గంభీరంగా పెట్టి, "మితిమీరిన జలపానం," అన్నారు. పేట ప్రజలు నీళ్ళు తగ్గించి తాగాలని దండోరా వేయించాలన్నారు. వాళ్ళ ఆరోగ్యం దృష్ట్యా కొంతకాలం ట్యాంకరు ఆపాలని కమిషనరు గారు నిర్ణయించారు. ఆగి ఉన్న ట్యాంకరును ఆపమన్న ఆ ఉత్తర్వును అమలు చేసే బాధ్యత దమయంతికి అప్పగించారు.

ఆమె తిన్నగా బస్టాండు దగ్గర షాపుకు వెళ్ళింది. స్విచ్చి ఒకటి, రిలే ఒకటి కొంది, బ్యాటరీ ఒకటి అద్దెకు తీసుకుంది. షెడ్డు ముందు, నలుగురూ చూస్తుండగా, ట్యాంకరు తలుపు తీసి పెడల్ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.

"మేడమ్, ఆ సీలు మీద ఏదో రాసుంది," అన్నాడు కాలేషా భయంగా.

"చదివాను. ఆ కటింగ్ ప్లయరు ఇవ్వండి."

సీలు తెంచింది. మాడిన స్విచ్చి తీసి కొత్తది, చచ్చిన బ్యాటరీ తీసి అద్దెది పెట్టింది. డబ్బా లాగే కరెంటు బరువు కొత్త స్విచ్చి మీద పడకుండా, ఆ బరువు మోసే రిలేను మధ్యలో బిగించింది. "తొక్కండి," అంటే కాలేషా తొక్కాడు, లైటు వెలిగింది. "వదలండి," అంటే వదిలాడు, ఆరింది. కాలేషా మరో నాలుగుసార్లు అవసరం లేకుండా తొక్కి, వదిలి, సంతోషపడ్డాడు. డీజిలు, తిరుగుతున్న బండి గనక, ముందే నిండుగా పోసి ఉంది.

ఆ సాయంత్రానికల్లా పుల్లరిపేటలో మంచినీళ్ళు దిగాయి. రోగాలు నెమ్మదిగా తగ్గుముఖం పట్టాయి. గురవమ్మ మనవరాలు ఇంటికొచ్చి ఇడ్లీ అడిగింది.

దమయంతి మీద విచారణ మొదలైంది. ఆరోపణ సూటిగానే ఉంది. అంతవరకు ఒక్క క్షణమైనా ఆగని ట్యాంకరు, ఆమె చెయ్యి పడినప్పటినుంచి మాటిమాటికీ ఆగుతోంది. తెరమీద ఎర్రచుక్కలు చీమల బారులా ఉన్నాయి. సాక్షుల సౌకర్యార్థం విచారణ పుల్లరిపేటలోనే జరపాలని కమిషనరు గారు పరాంకుశం గారిని వెంటబెట్టుకుని తన కొత్త కారులో కొండెక్కారు. గేర్లు దానంతటదే మార్చుకునే కారది. గురవమ్మ కొట్టు ముందు పందిరి కింద కుర్చీలు వేశారు. ఎండ మండిపోతోంది.

"సదరు వాహనం మీ పేటలో ప్రతి వీధి యందు ఆగుతున్న మాట వాస్తవమేనా?" అని అడిగారు కమిషనరు గారు.

"ఆగకపోతే నీళ్ళెట్టా పట్టుకుంటామయ్యా?" అంది గురవమ్మ. "బిందెలేసుకుని ఎనకమాల ఉరకాల్నా?"

"ఆగుతోందని సాక్షి ఒప్పుకున్నారు," అని పరాంకుశం గారు రాసుకున్నారు.

"మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా ఏఈ గారూ?"

"ఆగడానికే బండికి బ్రేకులు పెట్టారు సార్," అంది దమయంతి. అది కూడా నేరం ఒప్పుకున్నట్టుగానే రాసుకున్నారు. విచారణ ముగిసింది.

కమిషనరు గారూ, పరాంకుశం గారూ కారెక్కారు. కారు కదల్లేదు. డ్రైవరు ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేశాడు. గేరు కాడ మాత్రం ఉన్నచోటినుంచి రాలేదు.

"ఏమైందయ్యా?"

"బ్రేకు తొక్కితేనే గేరు వదులుద్ది సార్ ఈ కారుకి. తొక్కుతూనే ఉన్నా. తొక్కానని దానికి తెలియట్లేదు."

దమయంతి కారు వెనక్కి వెళ్ళి చూసింది. డ్రైవరు ఎంత తొక్కినా బ్రేకు లైటు వెలగలేదు. "అదే డబ్బా సార్. ట్యాంకరులో స్విచ్చి రేకులు మాడి అంటుకుపోయాయి. ఇందులో మాడి విడిపోయాయి," అంది.

కమిషనరు గారు ఆఫీసులో తన గదికి ఫోను చేశారు. సూపరింటెండెంటు ఎత్తాడు.

"నేను పుల్లరిపేటలో ఆగిపోయాను. వెంటనే ఇంకో బండి పంపు."

అవతల సూపరింటెండెంటు తెర చూస్తున్నాడు. "తమరు ఆగలేదు సార్. పచ్చగా ఉంది. తమరు ప్రయాణంలో ఉన్నారు."

"నేను కారులో కూర్చుని చెబుతున్నానయ్యా, కదలడం లేదని!"

"చిత్తం సార్. కానీ ప్రయాణంలో ఉన్న అధికారికి రెండో వాహనం పంపరాదని తమరి ఉత్తర్వే. తమరు ఎక్కడైనా ఆగినట్టు కనబడగానే పంపిస్తాను సార్."

"కిటికీలోంచి చూడు! నా కారు అక్కడ ఉందా?"

"తమరి గది కిటికీలు మూయించేశాం కద సార్, తెర బాగా కనబడాలని."

కమిషనరు గారు ఫోను పెట్టేశారు. కారులో కూర్చోలేక పందిరి కిందికి వచ్చారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గురవమ్మ అడగకుండానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగేసి గ్లాసు మళ్ళీ చాపారు. పరాంకుశం గారు కూడా చాపారు. మితిమీరిన జలపానం గురించి ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

నీళ్ళు పట్టడం అయ్యాక కాలేషా ట్యాంకరు కిందికి బయల్దేరింది. ఊళ్ళోకి వెళ్ళేది అదొక్కటే. కమిషనరు గారు, పరాంకుశం గారు ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. కాలేషా బ్రేకు తొక్కాడు.

"ఎందుకు ఆపావు?" అన్నారు కమిషనరు గారు అలవాటుగా.

"మేకలు సార్."

ఆయన అద్దంలోంచి మేకల్ని చూశారు. తెరమీద కాకుండా బయట ఏదైనా చూడటం చాలా రోజుల్లో ఆయనకు అదే మొదటిసారి.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. బ్రేకు పెడల్ స్విచ్చి మానవ ప్రాణానికి, కార్యాలయ గౌరవానికి అత్యంత కీలకమైనదని, చెడిన వెంటనే ఎట్టి అనుమతుల కొరకు వేచియుండక మార్చవలెనని అందులో ఉంది. ఇది కమిషనరు గారి వాహనానికి మాత్రమే వర్తించునని చివర్లో ఉంది. దాని కిందే ఇంకో కాగితంలో, సీలు తెంచినందుకు దమయంతికి ఒక ఇంక్రిమెంటు ఆపినట్టు ఉంది.

దమయంతి రెండూ చదివి, మొదటిదాన్ని ఇంకోసారి చదివింది. తర్వాత కమిషనరు గారి కారుకు స్విచ్చి కావాలని రాసి పంపింది. వెంటనే మంజూరైంది. మరో వారం కమిషనరు గారి కారుకు ఇంకో స్విచ్చి కావాలంది. అదీ మంజూరైంది. ఆ ఏడాది ఆయన కారుకు చెత్త ట్రాక్టర్లకు సరిపోయే స్విచ్చులు, డ్రైనేజీ లారీకి సరిపోయేవి, అంబులెన్సుకు సరిపోయేవి చాలా వచ్చాయి. రిలేలు కూడా వచ్చాయి. పరాంకుశం గారు ప్రతిదాని మీదా 'సాంకేతికంగా అనివార్యం' అని రాసి సంతకం పెట్టారు.

ఊళ్ళో బండ్లన్నీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడం మొదలుపెట్టాయి.